గోంగూర అన్నం

అంగారకుడి గనులకు పోయే ఓడలో అసిరమ్మ తొమ్మిదేళ్లుగా వంటమనిషి. అక్కడ అందరి చెవుల్లోనూ తర్జుమా యంత్రాలే. ఎవరు ఏ భాషలో తిట్టినా ఆమెకు చక్కని తెలుగులో వినిపిస్తుంది. ఆ తెలుగుకు ఊపిరుండదు.

గురువులు అనే గని కూలీకి ఒప్పందం గడువు తీరింది. అయినా ఇంటికి పంపకుండా కంపెనీ మళ్లీ గనికే తోలుకుపోతోంది. కడుపు మండి కాపలావాడి తుపాకీ లాక్కున్నాడు.

"ఓడ ఎనక్కి తిప్పండి, నేదంటే అందర్నీ కాల్చీస్తాను!"

తిప్పితే ఇంధనం చాలదు, రెండొందల మందీ దారిలోనే చస్తారు. కెప్టెన్ రెండ్రోజులు ఎంత చెప్పినా వాడు వినలేదు.

అసిరమ్మ చెవిలో యంత్రం పీకేసి, పళ్లెంలో అన్నం, గోంగూర పచ్చడి పట్టుకొచ్చింది.

"నువ్వు తిని రెండ్రోజులయింది, తినరా తమ్ముడా."

"ఓలప్పా! నీది మావైపేనేటి? ఏవూరు?"

"పలాస పక్కన. ముందు తిను, ఊళ్లు తరవాత."

ఓడలో అందరూ గొట్టంతో గంజి పీల్చేవాళ్లే. అన్నం కలపాలంటే కుడిచెయ్యి ఖాళీ కావాలని ఆమె ఒక్కదానికే తెలుసు. వాడు ఎడంచేత్తో పళ్లెం పట్టి, తుపాకీ ఒళ్లో పెట్టుకున్నాడు. మూడో ముద్దకి పైలట్టూ కూలీలూ మీదపడ్డారు.

"తిననియ్యండిరా!" అని అరిచింది. ఎవడూ ఆగలేదు.

ఈడ్చుకుపోతుంటే వాడు ఆమెను తిట్టలేదు. "పచ్చడి బాగుందప్పా," అన్నాడు.

కెప్టెన్ వచ్చి ఏదో అంటూ మెచ్చుకున్నాడు. ఆమె యంత్రం పెట్టుకోలేదు. వాడి ఎంగిలి పళ్లెం ముందేసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

కంగారులో పచ్చడికి ఉప్పే వెయ్యలేదు.