సందులో నిలబడండి

"ఎవడ్రా తన్నింది?"

బాలత్రిపురసుందరి బంతి చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. బంతికి సగందాకా మినప్పిండి. అప్పుడే పాత చీర మీద పెట్టిన వడియాల్లో ఓ వరస మొత్తం చితికిపోయింది.

పిల్లలంతా సొలొమోను వైపు చూశారు. సొలొమోను ఆకాశం వైపు చూశాడు.

"సారీ ఆంటీ," అంది ఆఫ్రీన్. "ఆదివారం పక్కవీధి పెద్దోళ్ళతో మ్యాచుంది. ప్రాక్టీసుకి చోటు లేదు."

"కరకట్ట పక్కన అంత ఖాళీ స్థలం ఉందిగా?"

"వాళ్ళు రానివ్వట్లేదాంటీ. మ్యాచ్ గెలిస్తే సాయంత్రాలు మాకిస్తారంట. ఓడిపోతే ఇంక అటు తొంగి కూడా చూడకూడదంట."

"ఓడిపోతే మీ ఆట ఎక్కడ?"

"ఇక్కడేగా మరి!"

సుందరి గుమ్మం వైపు తిరిగి చూసింది. లోపల ఆవిడ భర్త దుర్గాశంకర్ రైల్వేలో నైట్ డ్యూటీ దిగొచ్చి పడుకుని ఉన్నాడు. పడుకున్నాడంతే, నిద్ర లేదు. టీవీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు మొదలైన దగ్గర్నుంచీ భవానీపురంలో ప్రతి పిల్లాడూ గోల్ కొట్టి, చొక్కా విప్పి, ఆయన కిటికీ కిందే అరుస్తున్నాడు.

ఈలోగా మంచినీళ్ళకని సుందరి వెంట లోపలికొచ్చిన అయాన్ గ్లాసు పట్టుకుని ఆగిపోయాడు. టీవీ మీద ఓ కప్పు. వెండి రంగు, రెండు చెవులు. అందులో నాలుగు పెన్నులు, ఓ స్క్రూడ్రైవరు.

"ఆంటీ, ఈ కప్పు మీదా?"

"నాదే. కాలేజీలో ఫస్ట్ ప్రైజు."

అయాన్ నీళ్ళు తాగడం కూడా మర్చిపోయి బయటికి పరిగెత్తాడు. సుందరి గుమ్మంలోకి వచ్చేసరికి ఏడుగురూ బుద్ధిగా వరస కట్టి ఉన్నారు.

"కాలేజీ ఛాంపియన్ అయ్యుండి మాకు చెప్పలేదేంటాంటీ! మాకు నేర్పండి, ప్లీజ్."

సుందరి ఒకసారి కిటికీ వైపు చూసింది. ఒకసారి వడియాల వైపు చూసింది.

"చెప్పినట్టు వింటారా?"

"వింటాం!"

"ముందు ఆ అరవడం మానండి. సరే, మీకేమాత్రం తెలుసో చూస్తాను. ఆఫ్రీన్, ఆఫ్‌సైడంటే ఏంటో చెప్పు."

"మనవాళ్ళు బంతి ఇంకా తన్నకముందే, అవతలి డిఫెండర్లందర్నీ దాటేసి గోల్ దగ్గర కాపు కాయకూడదాంటీ."

"అంటే వంట కాకముందే వెళ్ళి కంచం ముందు కూర్చోకూడదు."

"కరెక్టాంటీ!"

"మిగతావాళ్ళు విన్నారా? మరి చేత్తో ముట్టుకుంటే ఏమవుద్దో ఎవరు చెప్తారు?"

అలా రూల్సన్నీ పిల్లల నోటితోనే చెప్పించింది. తప్పు చెప్పినా ఒక్క దెబ్బ వెయ్యలేదు. స్కూల్లో సార్లకంటే ఆంటీయే నయమనుకున్నాడు అయాన్.

తర్వాత సుద్దముక్క తెచ్చి సిమెంటు రోడ్డు మీద వరసలుగా చుక్కలు పెట్టింది.

"ఇవి మీరు. ఒకరి వెనక ఒకరు నిలబడితే దారెక్కడుంటుంది? ముందు ఇద్దరుంటే, వెనకవాళ్ళు ఆ ఇద్దరి సందులో నిలబడాలి." చుక్క నుంచి చుక్కకి చెయ్యెత్తకుండా గీత లాగింది. "బంతి ఇలా తిరగాలి. ఎవర్నీ వదలకూడదు, మధ్యలో ఎక్కడా తెగకూడదు."

"గాల్లో కొడితే తొందరగా పోద్ది కదాంటీ?" అన్నాడు సొలొమోను.

"నీ బంతి నేల వదిలిందంటే, ఆ పూటకి నువ్వు ఇంటికే."

"మరి పాసివ్వమని అరవొద్దా?"

"అరిస్తే అవతలివాడికి వినపడదూ? చెయ్యెత్తు చాలు."

"గోల్ కొడితేనో?"

"నవ్వుకో. నోరు మూసుకుని."

పెద్ద ఆటగాళ్ళ పద్ధతే వేరని అయాన్ భక్తిగా తలూపాడు.

ఆ వారమంతా వీధిలో బంతి దొర్లిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరైనా చోటు తప్పితే సుందరి ఊరుకునేది కాదు. "నీ ఒక్కడి వల్ల మొత్తం వంకరపోయింది చూడు. మళ్ళీ మొదట్నుంచి!" అనేది. శుక్రవారం దుర్గాశంకర్ సాయంత్రం దాకా నిద్రపోయి లేచి, "పిల్లలకి బడులు తెరిచేశారా?" అనడిగాడు.

ఆదివారం సుందరి గొడుగేసుకుని కరకట్ట దగ్గరికి వెళ్ళింది. పెద్ద కుర్రాళ్ళు అరుచుకుంటూ బంతిని ఆకాశంలోకి తన్నారు, దానికోసం తుప్పల్లో వెతుక్కున్నారు. చిన్నవాళ్ళు కిక్కురుమనకుండా కాళ్ళ సందుల్లోంచి జారవిడిచారు. ఎండ తగ్గేసరికి చెరో గోలు.

చివర్లో బంతి సొలొమోను కాలికి చిక్కింది. ఎదురుగా గోలు. బలంగా కాలెత్తాడు. గొడుగు వైపు చూశాడు. కాలు దించి బంతిని పక్కకి దొర్లించాడు. ఇద్దరు డిఫెండర్ల సందులో నిలబడ్డ ఆఫ్రీన్ దాన్ని మెల్లిగా లోపలికి నెట్టింది.

ఏడుగురూ రెండు చేతులతో నోళ్ళు మూసుకుని గెంతారు.

"గోల్!" అని మాత్రం గొడుగు కింద నుంచి ఓ కేక వినపడింది. కరకట్ట మీద వెళ్తున్న సైకిలాయన బ్రేకేశాడు.

మర్నాడు సాయంత్రం వీధిలో ఒక్క పిల్లాడు లేడు. మరీ ఇంత నిశ్శబ్దమైతే ఏం బావుంటుందని సుందరి రెండుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చింది. దుర్గాశంకర్ కాఫీ తాగుతూ, టీవీ మీది కప్పులోంచి స్క్రూడ్రైవరు తీసి అపురూపంగా పక్కన పెట్టాడు.

"అయాన్ అంతా చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకొక్క మాటైనా చెప్పావటే, ఫుట్‌బాల్లో ఫస్ట్ ప్రైజని?"

సుందరి ఖాళీ గ్లాసు అందుకుంది.

"అది ముగ్గుల పోటీదండీ."