పాత ఈసీజీ

సిద్దిపేట దవాఖానలో ఛాతీ నొప్పితో పడుకున్న వర్షిత భర్తకు ఈసీజీ తీశారు.

"ఇంతకుముందు తీసింది ఉందా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం. ఆయనకు గుండెజబ్బే లేదు," అంది వర్షిత.

భర్త ఫోన్‌లో పాత ఈసీజీ ఫోటో ఒకటి చూపించాడు. డాక్టరమ్మ దాన్ని కొత్త కాగితం పక్కన పెట్టి చూసింది. "ఈ తేడా పాతదాంట్ల గూడ ఉంది. కొత్తగ ఏం లేదు. అయినా రక్తపరీక్ష చేద్దాం."

పక్కనే ఉన్న వర్షిత తండ్రి రాజలింగం ఆమె భుజం తట్టాడు. "చెప్పిన గద బిడ్డా, ఏం గాదని."

ఫోటోలో తేదీ చూసింది వర్షిత. పెళ్లికి నెల ముందుది.

"నాకు చెప్పకుంట దాచినవా?"

భర్త బిత్తరపోయాడు. వాట్సాప్ తెరిచి ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఆ ఫోటోను పెళ్లికి ముందే మామకు పంపాడు. కింద రాజలింగం జవాబు.

"బిడ్డకు చూపించిన. సరేనన్నది."