గట్టు మీదికి ట్రాక్టరు

స్టార్టరు తిరుగుతోంది గాని పొగ రావడం లేదు. అంటే ఇంజనుకు డీజిల్ అందడం లేదన్నమాట.

"తొందరగా కానియ్ మేస్త్రీ," అన్నాడు ఆసామి. "మధ్యాహ్నం సర్వేయరు వస్తాడు. ఆలోపు ఆ గట్టు ఆనవాలు లేకుండా పోవాలి. ఈ పనికి ఎవడూ తన ట్రాక్టరు ఇవ్వలేదు."

"గట్టు అవతల పైరుంది కదండీ?"

"మా తమ్ముడి పెళ్ళాం వేసిన మిరప. పోయినవాడి వాటా ఉన్నవాడిదే. అదీ కలిపి దున్నేస్తా." నవ్వి, నా పనిముట్ల పక్కనే ఉమ్మేశాడు.

వాళ్ళమ్మ పిండి కలిపిన చేతులతో వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"లోపలికి పోవే అమ్మా. కొడుకు కన్నా ఆ కోడలే ఎక్కువైంది నీకు."

నాకు ఒళ్ళు కంపరమెత్తింది. ఇందాక ఎయిర్ క్లీనరులో దొరికిన చచ్చిన ఎలుక కూడా అంత రోత పుట్టించలేదు. పైపు విప్పి నోటితో పీల్చాను. చుక్క రాలేదు. నోట్లోని చేదు ఉమ్మేసి, ట్యాంకు కిందికి తల దూర్చి చూశాను.

ఇంజనుకు డీజిల్ వదిలే ట్యాపు కట్టేసి ఉంది. దాని పిడి మీద తెల్లటి వేలిముద్రలు, ఇంకా తడి ఆరని పిండి.

తల తిప్పి చూశాను. ఆవిడ చేతులు కొంగు కింద దాచుకుంది.

"ఏమైంది?" అన్నాడు ఆసామి.

"పంపు పోయిందండీ. విప్పి పట్నం తీసుకెళ్ళాలి. రేపటికి గాని కాదు."

ఆ మాట అంటూనే, చేతిలోని నూనె గుడ్డతో ట్యాపును శుభ్రంగా తుడిచాను.