మేడి మీది చేతులు

సేద్యమంతా మరమనుషులే చేస్తున్నాయి కాబట్టి మా ఊరి రైతులకు మిగిలిన పని ఒక్కటే, వంశ చరిత్ర చెప్పుకోవడం. మా ఆయన ఓబులేసు అందులో దిట్ట. వాళ్ళ తాత నాటి నాగలికి రోజూ బొట్టు పెడతాడు. నన్ను మాత్రం దాని పిడి కూడా ముట్టుకోనివ్వడు. ఆడది మేడి పడితే వానలు పడవట!

"రైతు వంశం" బోర్డు ఇవ్వడానికి తనిఖీ మరమనిషి వచ్చింది. పాత వస్తువును తాకితే చాలు, ఎవరెవరు వాడారో చెప్పేస్తుంది. అది మేడి పట్టుకుని, "మీ అవ్వ చేతులు, మీ అమ్మ చేతులు. అంతే," అంది.

"మరి మా తాతవి?" అన్నాడు ఈయన.

అది ఇల్లంతా వెతికి, వసారాలో నులకమంచం దగ్గర ఆగింది. "తాత, నాన్న, మీరు. ముగ్గురూ ఇక్కడే ఉన్నారు."

మూడు రోజులుగా మా ఆయన ఆ జాడలు పోవాలని మంచాన్ని తోముతూనే ఉన్నాడు. ఈ వంశంలో మగవాడికి చెమట పట్టడం ఇదే మొదలు.