తోచినంత ఇవ్వండి

"ఇంతకీ ఎంతివ్వమంటావమ్మా?"

కురచ చేయించుకున్న ప్యాంటు సంచిలో పెట్టుకుని లావుపాటావిడ మళ్ళీ అదే అడిగింది.

"మీకు తోచినంత అక్కా. డబ్బా తెర వెనకాల ఉంది. ఎవరూ చూడరు," అంది టైలరమ్మ. ఒక కాలు మిషను పెడల్ మీద ఉంది, రెండో కాలు పాప ఉయ్యాలని ఊపుతోంది.

"తోచకే కదా అడుగుతున్నాను! తక్కువేస్తే నిన్ను ముంచినట్టు. ఎక్కువేస్తే మా ఆయన నన్ను ముంచుతాడు."

"ఎంతైనా పర్లేదక్కా."

ఆవిడ తెర వెనక్కి వెళ్ళింది. ఎంతసేపటికీ అలికిడి లేదు. చివరికి చిల్లర పడ్డ చప్పుడైంది. బయటికొచ్చి, టైలరమ్మ మొహం చూడకుండా, పరీక్ష తప్పిన పిల్లలా మెట్లు దిగిపోయింది.

మూల కూర్చుని గుండీలు కుడుతున్న అత్త మూతి విరిచింది. "ఏ చిల్లిగవ్వో పడేసి ఉంటుంది. ఇక ఈ గుమ్మం తొక్కదు చూడు."

"డబ్బు లేక ఇవ్వలేదేమో అత్తయ్యా."

"ఆహా, లేకా! మొన్న గౌను కుట్టించుకున్నావిడ ఇప్పుడు వీధి అవతలి అంచు పట్టుకుని, మొహం తిప్పుకుని పోతోంది. ఊరికే కుట్టించుకుంటే మొహం ఎలా చెల్లుతుంది?"

టైలరమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళి వీధి చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. పొద్దుటినుంచీ ఇదే వరస.

ఆమెకి కుట్టు వచ్చు, బేరం రాదు. చదువు మధ్యలోనే ఆగిపోయినా చేతిలో పని ఉందనుకుంది గానీ, రేటు చెప్పాల్సి వచ్చేసరికి గొంతులో వెలక్కాయ పడేది. నోరు తెరిచి ఒకమాట అంటే, "చెల్లీ, మన మధ్య లెక్కలేంటి" అని సగానికి సగం తెగ్గోసేవాళ్ళు. అందుకే ఫోను వీడియోలో ఎవరో చెప్పిన మాట పట్టుకుని, తెర వెనకాల డబ్బా పెట్టింది. మనిషిని నమ్మితే మనిషి మోసం చేయడట.

నమ్మింది. కానీ గిరాకీ నెలనెలా పలచబడుతోంది. కొట్టు మూతపడితే ఇక దిక్కు వంతెన అవతలి బట్టల ఫ్యాక్టరీయే. అక్కడ గేటు లోపలికి పిల్లల్ని రానివ్వరు. పాప ఇంకా పాలు మరవలేదు. ఆ ఆలోచన వస్తే చాలు, సూది వేలికి దిగినా తెలిసేది కాదు.

ఇన్నాళ్ళూ కొట్టు నిలబడిందంటే ఒకే కారణం. వారానికోసారి డబ్బా తిప్పి వంచితే చిల్లర మధ్యలోంచి నాలుగు మడతలు పెట్టిన పెద్ద నోటొకటి జారిపడేది. అద్దె కడుతున్నది ఆ నోటే. వేసేది ఎవరో తెలీదు. తరచూ చొక్కాలు బాగుచేయించుకునే కళ్ళజోడు పెద్దాయనే అయ్యుంటాడని ఆమె గట్టి నమ్మకం. ఆయనొస్తే మంచి స్టూలు ఆయనదే, ఫ్యానూ ఆయన వైపే.

"ధర్మసత్రం ఎలా నడుస్తోందమ్మా?"

ఎదురు టైలరింగు కొట్టు మాస్టరు మెడలో టేపు వేలాడేసుకుని లోపలికొచ్చాడు. ఆయన కొట్టు గోడ మీద రేట్లన్నీ బారెడేసి అక్షరాల్లో ఉంటాయి. నాలుక మాత్రం కత్తెరకన్నా పదును.

"ఏదో నడుస్తోంది మాస్టారూ."

"నల్లదారం రీలొకటి ఇవ్వు. నాది అయిపోయింది. నీ బాకీ నాకెందుకు, ఇప్పుడే వేసిపోతా," అని తెర వెనక్కి వెళ్ళొచ్చి, రీలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

"దారానికి గతిలేదు గానీ కొత్త మిషను కొన్నాడు!" అంది అత్త. "మనం ఎప్పుడు మునుగుతామా అని చూడ్డానికే వస్తాడు."

అంతలో కళ్ళజోడు పెద్దాయన వచ్చాడు. టైలరమ్మ గబగబా స్టూలు తుడిచింది. ఆయన కాలరు తిప్పి కుట్టిన చొక్కా తీసుకుని, తెర పక్కన వేలాడే కాగితం దగ్గరికి వంగి చదివాడు.

"తోచినంత ఇవ్వాలా? ఇన్నాళ్ళూ ఉచితమనుకున్నానే!"

అత్త పకపకా నవ్వింది. టైలరమ్మకి నవ్వు రాలేదు. తెలిసినవాడి దయ అనుకుంటే ధైర్యంగా ఉండేది. ఎవరిదో తెలియని దయ ఏ వారమైనా ఆగిపోవచ్చు. అప్పుడు పాప సంగతి?

ఆయన వెళ్ళగానే ఓ అట్టముక్క తీసి రాసింది. జిప్పుకింత. ప్యాంటుకింత. గుమ్మానికి తగిలించి, హమ్మయ్య అనుకునే లోపే మాస్టరు రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. చెవి మీద సుద్దముక్క, చేతిలో ఎవరిదో సగం కత్తిరించిన బట్ట.

"అది తియ్యమ్మా!"

"నా వల్ల కాదు మాస్టారూ. ఎవరో పుణ్యాత్ముడు వేసే ఒక్క నోటు మీద ఎన్నాళ్ళు బతకను? రేపు ఆయనకి విసుగు పుడితే?"

"పుట్టదు. కావాలంటే ఇకనుంచి రెండు వేస్తాను!"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. అత్త చేతిలో సూది ఆగిపోయింది.

"ఆ నోటు... మీదా?"

మాస్టరు టేపు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. టైలరమ్మ కళ్ళు నిండిపోయాయి. ఈయన్నా తాము ఇన్ని మాటలన్నది!

"ఎదురు కొట్టువాళ్ళం. మేం మూసేస్తే మీకే లాభం. అయినా నా బిడ్డ మొహం చూసి... మీరు నాకు నాన్నతో సమానం మాస్టారూ."

"అయ్యయ్యో, అంతంత మాటలొద్దమ్మా!"

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. తన కొట్టు ముందు మెట్ల దాకా నిలబడ్డ జనం వంక ఓసారి, గుమ్మానికి వేలాడుతున్న అట్ట వంక ఓసారి చూశాడు.

"నీ దగ్గర ఎంతివ్వాలో తోచకే కదమ్మా, వీళ్ళంతా నా కొట్టుకొస్తున్నారు!"