అన్నయ్య సీసా

"ఈ కణాలు మీ అన్నయ్యవి కావు. అసలు మగవాడివే కావు," అంది పరిశోధకురాలు.

బ్యాగులో కళ్ళజోడు వెతుక్కుంటున్న లెక్కల టీచరు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎలా తెలిసింది?"

"క్రోమోజోములు చూస్తే ఆడో మగో తెలిసిపోతుంది. మా ల్యాబులోనే సీసాలు తారుమారయ్యాయేమోనని మళ్ళీ మొదటినుంచీ వెతికాను. ఇక్కడ పొరపాటేం లేదు. మీరే చెప్పాలి."

టీచరు బ్యాగు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "మా అన్నయ్య సంగతి నీకు తెలీదమ్మా. బస్సు నడిపినన్నాళ్ళూ ఊరందర్నీ హారనుతో అదిలించినవాడు. ఇప్పుడు చేతులు చెప్పిన మాట వినవు. కాఫీ కప్పు నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా తాగుతుంది. అలాంటివాడికి సీసా ఇచ్చి, మూత్రం కావాలంటే ఊరుకుంటాడా? 'ఈ జబ్బు మా నాన్నని తింది, నన్ను తింటోంది. ఇక నా ఉచ్చ కూడా దానికే పొయ్యాలా?' అని కిటికీలోంచి విసిరేశాడు. కింద పక్కింటాయన నెత్తిన పడింది. ఖాళీది కాబట్టి బతికిపోయాం."

ఇంకొకప్పుడైతే పరిశోధకురాలు పగలబడి నవ్వేది.

"మరి నా చేతికిచ్చిన సీసా?"

"అది ఇంకోటి. నేనే నింపాను."

పరిశోధకురాలికి ఒళ్ళు మండిపోయింది. మూత్రంలో రాలిపడిన కాసిని కణాలు. వాటిని బతికించి, వెనక్కి నడిపించి, కడుపులో బిడ్డ నాటి స్థితికి తెచ్చింది. అక్కణ్ణించి బుజ్జగిస్తూ మెదడు కణాలుగా పెంచింది. ఎవరి పుర్రె తెరవకుండా, ఎవరికీ నొప్పి పుట్టకుండా, జబ్బు మెదడులో ఏం చేస్తుందో చిన్న గాజు ప్లేటులో కళ్ళారా చూడొచ్చు. దానికోసం సెలవురోజు కూడా చూడకుండా వచ్చి, పసిపిల్లలకి పెట్టినట్టు వాటికి మేత పెట్టింది. సొంత చెల్లెలి పెళ్ళిలో భోజనం మధ్యలో లేచి వచ్చిందని వాళ్ళమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

మైక్రోస్కోపులో ఆ కణాల కొమ్మలు ఒక్కొక్కటే ముడుచుకుపోతుంటే ఎంత ఏడ్చిందో. మొన్న ఒక మందు వేసిన ప్లేటులో మాత్రం కొమ్మలు ముడుచుకోలేదు. పచ్చగా నిలబడిన చెట్లలా నిలబడ్డాయి. ఎప్పుడూ నవ్వని ప్రొఫెసరుగారు కూడా ఆ రోజు అందరికీ టీ పోశారు.

"ఇంత పని చేసి, ఇప్పుడు..." అనబోయింది.

అంతలో ఆ పరీక్ష గుర్తొచ్చింది.

ఆ ప్లేటులో ఉన్నది జబ్బు కణాలు. తండ్రినుంచి దిగే ఆ లోపం వాటిలో ఉందని తనే పరీక్ష చేసి చూసింది. ఆ కణాలు ఈవిడవి.

కోపం ఎటు పోయిందో పోయింది. పరిశోధకురాలు టీచరు చేతుల వంక చూసింది. బ్యాగు మీద ఒకదానిమీద ఒకటి, నిశ్చలంగా ఉన్నాయి. ఇంకా ఏమీ మొదలవలేదు.

"ఏమ్మా, అలా పాలిపోయావు? నావల్ల పనంతా పాడైందా?"

"లేదు టీచర్. పేరు సరిచేసుకుంటే చాలు. పని ఎక్కడికీ పోదు."

"మొన్న ఫోనులో మందు పనిచేసిందన్నావు. అది నిజమేనా?"

"నిజమే. కానీ అది ప్లేటులో. మనుషులదాకా రావాలంటే ఇంకా చాలా దూరం నడవాలి. వస్తే మాత్రం, జబ్బు మొదలవకముందే ఇస్తే..."

"నడుస్తావులే. నిన్నూ నీ మొండితనాన్నీ చూస్తూనే ఉన్నాగా. మా బళ్ళో నీలాంటి పిల్ల ఒక్కర్తి ఉంటే లెక్కలే భయపడి పారిపోయేవి." టీచరు నవ్వింది.

పరిశోధకురాలు ఆ నవ్వు మొహం వంక చూసింది. ఏమని చెప్పాలి? ఏ నోటితో చెప్పాలి? కుర్చీ దగ్గరికి జరుపుకుంది. గ్లాసుతో నీళ్ళు టీచరు ముందు పెట్టింది.

"టీచర్... మీతో ఒక మాట చెప్పాలి. ముందు కొంచెం ధైర్యం చేసుకోండి. మీరు తెలియక ఇచ్చిన ఆ సీసాలో..."

టీచరు ఆ గ్లాసు తీసి ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.

"ముందు నువ్వు తాగు తల్లీ. నాకూ ఉందని పరీక్షలో తేలాకే నింపాను ఆ సీసా. లేకపోతే మంచి కణాలిచ్చి, నీ కష్టాన్ని మోసం చేస్తానా?"