నిలబడని జవాబు

“పన్నెండు,” అంది ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుచుకునే పిల్ల, తల్లి లెక్క చదవడం పూర్తి చేసీ చెయ్యకముందే.

డెబ్బై రెండు బిస్కెట్లని ఆరుగురికి సమంగా పంచితే తలా ఎన్ని వస్తాయన్నది లెక్క. పన్నెండే. తల్లి మొహంలో ఏ భావమూ కనిపించనివ్వకుండా అడిగింది. “సరిగ్గా చూసుకున్నావా?”

పిచ్చుక తల్లి వంక చూసింది. కాగితం వంక చూసింది. పెన్సిలు తిరగేసి, వెనకున్న రబ్బరుతో పన్నెండుని చెరిపేసి పదమూడు వేసింది.

బల్ల అవతలి కొసన కూర్చుని మిక్సీ వైరు బాగుచేస్తున్న తండ్రి ఉండబట్టలేకపోయాడు. “అదేంటే తల్లీ, మొదట చెప్పిందే...”

“మీరు మధ్యలో దూరకండి,” అంటూ ఆమె పరీక్షతో పాటు వచ్చిన సూచనల కాగితాన్ని అతని ముందుకి తోసింది. జవాబు ఒప్పైనా తప్పైనా, ప్రతి లెక్కకీ ‘సరిగ్గా చూసుకున్నావా?’ అని ఒక్కసారి అడగాలి. అంతకుమించి పెదవి విప్పకూడదు. పిల్ల ఆఖరున వేసిందే జవాబు. బాగా వచ్చిన పిల్లలు చెప్పినదాని మీద నిలబడతారట, రానివాళ్ళు తడబడతారట.

పిచ్చుకకి చదువంతా ఇంట్లోనే. అమ్మే టీచరు, అమ్మే హెడ్మిస్ట్రెస్సు. ఈ పరీక్ష గట్టెక్కితే కొత్త లెక్కల సిలబస్‌లో నాలుగో లెవెల్, లేకపోతే మూడు. పై వాటా పిల్లదీ ఇంటి చదువే. ఆ పిల్ల నిన్ననే నాలుగులో చేరిపోయింది. ఆ ఆన్‌లైన్ గ్రూపులో ఇంకొక్క చోటు మాత్రం ఉంది. ఇద్దరూ ఒకే సోఫాలో, ఒకే తెర ముందు కూర్చుని పాఠం వినాలని పిచ్చుక వారం నుంచీ మెట్లెక్కుతూ దిగుతూనే ఉంది. ఏ మూల ఎవరు కూర్చోవాలో కూడా పంచేసుకున్నారు.

“కేకులో మూడింట రెండు వంతులు పెద్దవా, నాలుగింట మూడు వంతులు పెద్దవా?”

“నాలుగింట మూడు. ఎందుకంటే అందులో మిగిలిపోయే ముక్క చిన్నదిగా.”

తల్లికి లోపల ప్రాణం లేచొచ్చింది. అలా మిగిలిన ముక్క వైపు నుంచి చూడమని తనెప్పుడూ నేర్పలేదు. పిల్ల తనంతట తనే పట్టుకుంది. ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కానీ నియమం నియమమే.

“సరిగ్గా చూసుకున్నావా?”

పిచ్చుక మొహం చిన్నబోయింది. రబ్బరు మళ్ళీ కాగితం మీదికి వచ్చింది. “కాదు కాదు, మూడింట రెండే.”

చివరిదాకా అదే వరస. మొదట్లో టకటకా చెప్పిన పిల్ల, పోను పోను గొణుక్కుంటున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. కాగితం నిండా రబ్బరు పొట్టు నల్లగా పేరుకుంది.

నీళ్ళు తాగి రమ్మని దాన్ని వంటింట్లోకి పంపి, తల్లి దిద్దడం మొదలుపెట్టింది. దిద్దడానికి ఏముంది, అన్నీ కొట్టివేతలే.

“మొదట చెప్పినవన్నీ ఒప్పులేగా, అవే వేసి పంపెయ్యి,” అన్నాడు భర్త గొంతు తగ్గించి. “ఎవరు చూడొచ్చారు?”

“నేను చూశానుగా.”

“నీ పట్టింపు బంగారం గాను. దానికి రాకపోతే ఎలా చెప్పింది?”

“వస్తే అంత చటుక్కున ఎందుకు వదిలేసింది? పునాది గట్టిగా లేదండీ. ఇప్పుడు పైకి తోసేస్తే అక్కడ రోజూ బిక్కమొహం వేసుకుని కూర్చోవాల్సింది అదే. ఒక్క ఏడాది ఆగితే కొంప మునగదు.”

“ఆ మాట దానికి నువ్వే చెప్పు. నా వల్ల కాదు.” అతను మళ్ళీ మిక్సీ మీదికి వంగాడు.

ఆమె సిలబస్ వాళ్ళకి ఫోను చేసింది. “మా అమ్మాయికి మూడో లెవెలే రాసుకోండి.”

“అయితే నాలుగులో ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామండీ. చాలామంది అడుగుతున్నారు. మళ్ళీ మార్చడం కుదరదు.”

ఆమె దిద్దిన కాగితం వంక మరోసారి చూసింది. “ఇచ్చెయ్యండి,” అంది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పిచ్చుక. చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉంది. ఏడవలేదు, పేచీ పెట్టలేదు. “దానికి నేనే చెప్పొస్తా,” అని గ్లాసు బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్ళింది. ఎప్పుడు వెళ్ళినా కేకేస్తే గానీ దిగని పిల్ల, వెళ్ళినంత సేపు పట్టకుండా తిరిగొచ్చింది. తన కుర్చీలోనే కూర్చుని, రబ్బరు పొట్టుని వేలితో ఒక పక్కకి చేరుస్తూ ఉండిపోయింది.

ఏడ్చినా బాగుండేదనిపించింది తల్లికి. పక్కన కూర్చుని దాని జుట్టు వెనక్కి దువ్వింది.

“నాకేం కోపం లేదే నాన్నా. ఒక్కటి చెప్పు. కేకు లెక్క అంత బాగా చెప్పావే, ఎందుకు మార్చేశావు?”

పిచ్చుక వేలు ఆగింది. “అది ఒప్పా?”

“ఒప్పే.”

“మరి బిస్కెట్లది?”

“అదీ ఒప్పే. నువ్వు మొదట చెప్పినవి అన్నీ ఒప్పే.”

పిచ్చుక తల్లి మొహంలోకి అపనమ్మకంగా చూసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న కింది పెదవి వణికింది.

“మరి సరిగ్గా చూసుకున్నావా అని ఎందుకన్నావు? నేను తప్పు చేస్తేనే కదమ్మా నువ్వెప్పుడూ అలా అడిగేది.”